చీమలు రాని వ్యాసం

దిద్దడానికి కూర్చునే ముందు శ్యాంప్రసాద్ మాస్టారు స్టాఫ్ రూములో తన బల్ల నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ పళ్ళేలు పెట్టించుకుంటారు. అటెండరు దాసు పొద్దున్నే ఆ పని చూసి, తర్వాతే బెల్లు కొడతాడు. చోడవరంలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వ్యాసరచన, ప్రసంగం చెప్పే మాస్టారికి ఒక్కరికే ఈ చీమల బెడద. లెక్కల కాయితాలకి చీమలు పట్టవు. మనసులోంచి వచ్చిన వాక్యం ఉన్న కాయితానికి పడతాయి. మాటకైనా అంతే. ఎవరైనా నిజంగా అనుకున్నది చెబితే కిటికీ దిగి బారులు తీరి వాళ్ళ కాళ్ళ దగ్గరకి వస్తాయి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగు ఉన్నా లేకపోయినా వస్తాయి.

మొదట్లో మాస్టారు వాటిని ఊదేవారు. తర్వాత సుళువు కనిపెట్టారు. క్లాసు మొత్తం చేత ఒకటే ఎత్తుగడ బట్టీ పట్టించారు: ‘నేటి ఆధునిక సమాజంలో...’ దాని వెనక మూడు పేరాలు, చివర ఒక సూక్తి. ఆ కాయితాల వైపు చీమ తొంగి చూడలేదు. మార్కులు మాత్రం బాగా పడ్డాయి. ఇప్పుడు బుచ్చయ్యపేట నుంచి మాడుగుల దాకా ఎవరు మైకు పట్టుకున్నా ఆధునిక సమాజంతోనే మొదలెడతారు. ఆ మధ్య ఒక సంతాప సభలో కూడా.

ఒకసారి మాస్టారు తను రాసిన వ్యాసం బల్ల మీద పెట్టి, పళ్ళేలు తీయించి, ఆదివారమంతా వదిలేశారు. సోమవారం అది పెట్టింది పెట్టినట్టే ఉంది. దాసు మడిచి ఇచ్చాడు.

ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. ఆ ఉద్యోగానికి ఇద్దరు వచ్చారు. విశాఖ నుంచి వచ్చిన ప్రేమ్‌కుమార్ డెమో క్లాసు అప్పటికే అయిపోయింది. రెండో మనిషి ఇందు, మాస్టారి పాత విద్యార్థిని.

“మీరు నేర్పినట్టే చెబుతాను సార్, అచ్చంగా,” అంది నమస్కారం పెట్టి.

శ్రమ విలువ మీద పాఠం. “నేటి ఆధునిక సమాజంలో...” అని మొదలెట్టింది. పిల్లలు కూడా గొణుగుతూ పూర్తి చేశారు.

ప్రిన్సిపాల్ రాజ్యం పక్కన కూర్చున్న మాస్టారి వైపు వంగింది. “మిమ్మల్నే విన్నట్టుంది మాస్టారూ. ఆ కుర్రాడూ ఇలాగే చెప్పేడు. అతనికి స్లైడ్లు కూడా ఉన్నాయి. అతన్నే తీసుకుందామా?”

మాస్టారు నేల చూశారు. శుభ్రంగా ఉంది.

“ఇందూ, ఒక్క నిమిషం ఆగమ్మా. సెకండియర్లో దీని మీదే రాసేవు. మొదటి వాక్యం నేను కొట్టేసేను. అది చెప్పు.”

“ఏటి సార్ అది?”

“మీ అమ్మ గురించి.”

ఇందు తల అడ్డంగా ఊపింది. “గుర్తు లేదు సార్. ‘పరీక్షలో మీ అమ్మ ఎందుకే గుంటా’ అన్నారు మీరు. క్లాసంతా నవ్వింది. అదొకటే గుర్తుంది.” ఆయన ముఖం చూసి సర్దింది. “మీరు దిద్దేక దానికి ఫస్టు మార్కు వచ్చింది లెండి.”

మాస్టారికి గుర్తుంది. చీమలు దులిపి మరీ ఎర్ర సిరా పెట్టిన వాక్యం. లేచి, బల్ల మీద చెయ్యి ఆనించి, గొంతు పెంచకుండా చెప్పారు.

“చెరకు కొట్టి వచ్చిన సాయంత్రాలు మా అమ్మ నా జుట్టు చిక్కు తీస్తుంటే, ఆమె వేళ్ళ పగుళ్ళకి వెంట్రుకలు పట్టుకునేవి.”

కిటికీ గడప మీద ముందు ఒక చీమ కనిపించింది. వెనక బారు. అవి గోడ దిగి, బల్ల ఎక్కి, మాస్టారి చేతి మీదికి వచ్చాయి. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి. ఆయన చెయ్యి కదపలేదు. అవి మణికట్టు దాటాయి, అటు పక్క దిగాయి, వేదిక మీద ఇందు కాళ్ళ దగ్గర ఆగాయి.

ఇందు చెయ్యి తన జడ మీదికి వెళ్ళింది. చాక్‌పీసు పక్కన పెట్టేసింది.

“దువ్వెన ఇస్తే వద్దనేది మా అమ్మ,” అంది పిల్లలతో. “నొప్పెట్టినా నేనూ సెప్పేదాన్ని కాదు.”

ఆ తర్వాత ఆమె ఏ సూక్తీ చెప్పలేదు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. రాజ్యం కాయితం మీద ఇందు పేరు రాసి సంతకం పెట్టింది.

సాయంత్రం స్టాఫ్ రూములో మాస్టారు, “పళ్ళేలు ఎత్తేయ్ దాసూ,” అన్నారు.

“ఎత్తేసేనండి. కొత్త మేడమ్ ఇందాకే చెప్పేరు.”

ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చొక్కా చేతి మడతలో ఒక చీమ మిగిలి ఉంది. అది తనది కాదని మాస్టారికి తెలుసు. అయినా దిగేదాకా ఆ చెయ్యి కదపలేదు.