మా చేని మన్ను

రొట్టెలో మన్ను తగిలిందని నా భర్త మారోతి కంచం తోసేశాడు. "నా నోట్ల మన్ను గొడ్తున్నవా?" అన్నాడు.

ఆ వేసవిలో మా ఇంట్లో మన్ను లేని చోటంటూ లేదు. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి బండల మీద మళ్ళీ పాదాల అచ్చులు పడేవి. పిండి జల్లించి, నీళ్ళు గుడ్డతో వడగట్టి, దుప్పట్లు దులిపి, అత్త సుందరబాయి మంచం తుడిచేసరికి మొదట ఊడ్చిన గది మళ్ళీ నల్లబడేది. బోరు ఎండిపోయింది కాబట్టి ఆ తుడిచే నీళ్ళు కూడా ట్యాంకరు దగ్గర్నుంచి నేనే మోసుకురావాలి. ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని ఆకాశాన్ని తిట్టేవాడు. ఆకాశాన్ని తిట్టేవాడికి చీపురు పట్టుకునే పని ఉండదు.

ఆ మన్ను ఎక్కడిదో నాకు తెలుసు. ధర్మాబాద్ రోడ్డు పక్కన మాకు నల్లరేగడి చేను ఉంది. ఒకప్పుడు దాని చుట్టూ పెద్ద గట్టు, గట్టు మీద తుమ్మలు, సీతాఫలం చెట్లు, మోకాలెత్తు గడ్డి ఉండేవి. కాపురానికి వచ్చిన కొత్తలో మేకలకు ఆ గడ్డి కోస్తూ పాడుకునేదాన్ని. ఇంట్లో గొంతెత్తితే అత్త ఊరుకునేది కాదు. వానలు మొదటిసారి తప్పిన ఏడు, సోయాబీన్ ఇంకో నాలుగు సాళ్ళు వస్తుందని, ఆయన చెట్లు కొట్టించి గట్టు చదును చేయించాడు. నేను అడ్డం పడ్డాను.

"గట్టు తియ్యకు. గాలిని ఆపేది గదే, మన్నును పట్టేది గదే."

ట్రాక్టరు నడిపే గజానన్ ముందే ఆయన నవ్వాడు. "పొయ్యికాడ జెప్పు నీ అకల్. నాకు ఎవుసం నేర్పుతవా?"

గజానన్ కూడా నవ్వాడు. మొగుడి నవ్వు అలవాటైందే, ఆ పరాయివాడి నవ్వు మాత్రం గుచ్చుకుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ కోత కాగానే కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టడం, మండుటెండల్లో మళ్ళీ మళ్ళీ దున్నించడం. మన్ను పిండి అయిపోయింది. వానలు మళ్ళీ మొహం చాటేశాయి. ఆ పిండిని పట్టి ఉంచడానికి చేనులో ఒక్క గడ్డిపోచ లేదు.

మే నెలలో ఒక సాయంత్రం నేను ట్యాంకరు దగ్గర వరసలో ఉండగా గాలి లేచింది. పడమట దిక్కున మా చేనే లేచి నిలబడి ఊరి మీదికి నడిచి వస్తున్నట్టు కనిపించింది. క్షణంలో నా చేతిలోని బిందె నాకే కనబడలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడ్డాను. నా కూతురు ప్రగతి ధర్మాబాద్‌లో కాలేజీ పరీక్ష రాసి ఆటోలో తిరిగొచ్చే వేళ అది.

దుమ్ములో దారి కనబడక ఎదురొచ్చిన లారీ ఆ ఆటోను కొట్టింది. సరిగ్గా మా చేను పక్కనే. ప్రగతి చెయ్యి విరిగింది. దాని పక్కన కూర్చున్న పార్వతీబాయి, సంతలో వంకాయలు అమ్మి వస్తున్న మా పక్కింటి మనిషి, అక్కడికక్కడే పోయింది. మేం వెళ్ళేసరికి ఆమె నోటి నిండా మన్ను. కొంగుతో తుడిచాను. ఎంత తుడిచినా వస్తూనే ఉంది.

నాందేడ్‌లో చేతికి కట్టు వేయించి ప్రగతిని ఇంటికి తెచ్చాం. చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు అత్త అంది, "ఆడిపిల్లను బయటికి దోలితే గిట్లనే అయితది."

"దేవుని గాలి. ఎవలేం జేస్తరు?" అన్నాడు మారోతి. "ఇగ దీని కాలేజీ బంద్."

ప్రగతి నావైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. అమ్మ అడ్డుపడుతుందేమోనన్న ఆశ కూడా ఆ చూపులో లేదు. నేను నోరెత్తనని పిల్లకు ఎప్పుడో తెలిసిపోయింది. వచ్చినవాళ్ళకు చాయ్ కాస్తూ పొయ్యి ముందు కూర్చున్నాను. గాలి దేవుడిదే అనుకుందాం. గట్టు తీయమని దేవుడు చెప్పాడా? చేలు కాల్చమన్నాడా? మగవాడు చేసింది కర్మ అయిపోతుంది, దాని శిక్ష మాత్రం ఆడపిల్ల చదువుకు పడుతుంది. చెప్పిన మాట ఒక్కసారికే మింగి ఊరుకున్నందుకు నా మీద నాకు అసహ్యం వేసింది.

మొదటి చినుకులు పడగానే గజానన్ ట్రాక్టరు తెచ్చాడు. నేను ముందే వెళ్ళి, ఒకప్పుడు గట్టు ఉన్నచోట నిలబడ్డాను.

"జర పక్కకు జరుగు వదినా," అన్నాడు.

"రోడ్డు పక్కన దున్నుడు లేదు. ఈడ గట్టు పోస్త. గడ్డి మొలవనిస్త."

మారోతి పరుగున వచ్చాడు. "పిస లేసిందా? నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవు!"

"పార్వతక్క నోట్లకెల్లి నేను తీసింది దేవుని మన్ను గాదు, మన మన్ను. పిల్ల కాలేజీ బంద్ గాదు. నీ దున్నుడు బంద్ అయితది."

ఆయన చెయ్యెత్తాడు. నేను కదల్లేదు. రోడ్డు మీద ఆటో ఆపి జనం చూస్తున్నారు. గజానన్ ఇంజన్ ఆపేసి కిందికి దిగాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది.

గట్టు నేనే పోస్తున్నాను, తట్టతో కొంచెం కొంచెంగా. కట్టు విప్పాక ప్రగతి మళ్ళీ కాలేజీకి పోతోంది. ఆ రోజు నుంచి మారోతి నాతో మాట్లాడడం లేదు.

"పాపం, మొగడు మాట్లాడకుంటే ఎట్ల బతుకుతవే ద్రౌపదీ?" అని వాడకట్టు ఆడవాళ్ళు జాలిపడుతున్నారు.

ఇన్నేళ్ళూ ఆయన నాతో మాట్లాడాడనే వాళ్ళు అనుకుంటున్నారు.