రెండో తుమ్ము

చదరంగం ధ్యాసలో పడి నారుమడికి కట్టిన నీళ్లు మరిచిపోయినందుకు, ఆదిశేషమ్మ మొగుడి చదరంగం బల్లను పశువుల కొట్టంలోకి సాగనంపింది. "పోటీలో గెలిచి కప్పు తెస్తేనే అది మళ్లీ గడప తొక్కేది" అని తేల్చేసింది. అందుకే పద్మనాభయ్య ఇందుకూరుపేట నుంచి బస్సెక్కి నెల్లూరు పోటీకి వచ్చాడు. ఎవరూ అనుకోలేదు గానీ చివరి ఆట దాకా నెగ్గాడు.

ఎదుట బోగోలు ముత్యాలయ్య. తెల్లపావులు పద్మనాభయ్యవి. మధ్యవర్తి హజరత్తయ్య గడియారం నొక్కాడు. పద్మనాభయ్య రాజు ముందరి బంటును పట్టుకున్నాడో లేదో, ముత్యాలయ్య తుమ్మాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"జరపండి" అన్నాడు హజరత్తయ్య. "ముట్టుకున్న పావును జరపాల్సిందే."

"ఒంటి తుమ్ము తుమ్మినాడు గదయ్యా! ఎట్టా మొదలుపెట్టేది?" అన్నాడు పద్మనాభయ్య, బంటును వదలకుండా.

"రోంత మంచినీళ్లు తాగి జరుపన్నా" అన్నారెవరో.

"అది ఊరికి పొయ్యేవాళ్లకి. మా ఇంటామె లెక్కలో రెండో తుమ్ము పడాల్సిందే."

అందరూ ముత్యాలయ్య వైపు తిరిగారు. ఆయన మెత్తని మనిషి. "నా తుమ్మే గదన్నా, నేనే తీరుస్తా" అని నశ్యం పట్టించాడు. ముక్కు ఎర్రబడింది, కళ్లవెంట నీళ్లు కారాయి. తుమ్ము అంచు దాకా వచ్చి వెనక్కి పోయింది. బయటికెళ్లి సూర్యుణ్ణి చూసి వచ్చాడు. లాభం లేదు. పద్మనాభయ్య గడియారం మాత్రం నడుస్తూనే ఉంది.

ఫ్యాను గాలికి నశ్యం లేచి హజరత్తయ్య తుమ్మాడు. జనం చప్పట్లు కొట్టారు.

"చెల్లదు" అన్నాడు పద్మనాభయ్య దిగులుగా. "తుమ్మిన ముక్కే తుమ్మాల. ఇప్పుడు మీదీ ఒంటి తుమ్మే. ఇద్దరూ బాకీ పడినారు."

కాసేపటికి ఆయన సమయం అయిపోయింది. ఒక్క బంటూ కదలని ఆటలో ముత్యాలయ్య గెలిచాడు. గెలిచినవాడే సిగ్గుపడుతూ పద్మనాభయ్యను కాఫీకి తీసుకెళ్లాడు. అంతసేపూ బంటును పట్టుకుని బిగుసుకుపోయిన ఆయన వేళ్లు లోటాను పట్టలేకపోతే, తానే పట్టుకుని తాగించాడు.

ఇంటికొచ్చాక ఆదిశేషమ్మ ఖాళీ చేతుల వైపు చూసింది. "కప్పేదండీ?"

పద్మనాభయ్య తలవంచుకుని జరిగింది చెప్పాడు.

"అంతమంది జరపమన్నా జరపలేదా?"

"నువ్వు వద్దంటావని..."

ఆమె కొట్టంలోకి వెళ్లి బల్ల తెచ్చి, వసారాలో కూర్చుని తడిగుడ్డతో పేడ మరకలు తుడవసాగింది.

"ఇంట్లోనే ఆడుకోండి" అంది తలెత్తకుండా. "ఇక్కడ గడియారం నొక్కేవాళ్లు లేరు."