గుండె ఒక్కటే కాదు

మృదుల పెదవులు చిన్నప్పటి నుంచీ నీలమే. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. ఆ సంగతి బయటపడేసరికి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిపోయి ఆపరేషన్‌కు వీల్లేకపోయింది. తండ్రి జానయ్య బాటసింగారం మార్కెట్ నుంచి ట్రాలీ ఆటోలో పండ్లు తోలతాడు. తల్లి లేని ఆ పిల్లను మెట్లు ఎక్కనివ్వకుండా, పరుగెత్తనివ్వకుండా పెంచాడు. ఆమె మాత్రం పట్టుబట్టి చదివి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతోంది.

ఈ ఎండాకాలం ఆమె కాలి బొటనవేలు వాచి సలపడం మొదలుపెట్టింది. మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగుతూ వచ్చింది. తండ్రికి చెప్పలేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, మూత్రంలో నురగ.

"నాయినా, దవాఖానకు పోదాం" అంది.

ఎల్.బి.నగర్ ఆసుపత్రిలో రిపోర్టులు వచ్చేదాకా కూర్చోమన్నారు. జానయ్య కూర్చోలేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఉలిక్కిపడి ఆగాడు.

గుండె డాక్టరు సూర్యప్రభ నెమ్మదిగా చెప్పింది. "ఆక్సిజన్ తక్కువ కదమ్మా, అందుకని ఒంట్లో రక్తం చిక్కబడుతుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయి. వేలి నొప్పీ దానివల్లే. నువ్వు మింగిన మాత్రలు ఇంకాస్త పాడుచేశాయి. ఇక ఒక్కటి కూడా ముట్టుకోకు."

"మొత్తం ఖరాబయినయా మేడం?" అన్నాడు జానయ్య.

"లేదండీ. పోయింది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు."

ఇంటికి వెళ్తుంటే సాగర్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర జానయ్య అన్నాడు. "గుండె గుండె అనుకుంట కిడ్నీల దిక్కు సూడకపోతి. నౌకరీ ఇడిసిపెట్టు బిడ్డా."

"నువ్వు గిట్ల అంటవనే నొప్పి దాసిన నాయినా. మల్ల గదే మాటనా?"

వెనక హారన్లు మోగాకే జానయ్య బండి కదిలించాడు.

వానలు పడేనాటికి మూత్రంలో నురగ కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. కోచింగ్ సెంటర్ వాళ్లు ఆమె క్లాసును కింది అంతస్తుకు మార్చారు. జానయ్య రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి, "కాళ్లు వాచినయా?" అని అడిగేవాడు. వాచలేదని చెప్పినా నమ్మేవాడు కాదు.

ఒకనాడు ఆమే ముందు ఫోన్ చేసింది. "నాయినా, ఇయ్యాల వాచినయ్."

"ఆడనే కూసో, ఒస్తున్న."

బత్తాయిల లోడు దించకుండానే బండిని దిల్‌సుఖ్‌నగర్ వైపు తిప్పాడు.