అరటి పిలక

మగవాడి పేరు చెప్పి ఇల్లు ఎక్కడని అడిగితే చాలు, వాళ్ళు మా ఊరివాళ్ళు కారని తెలిసిపోతుంది. జకార్తా బస్సు దిగి, కాఫీ కొట్టు ముందు నిలబడి, "మస్రుల్ ఇల్లు ఎక్కడండీ?" అని అడిగింది ఆ పిల్ల. కొట్లో కూర్చున్న మగవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో ఒక్కడికీ సొంతిల్లు లేదు. పెళ్ళైతే పెళ్ళాం ఇల్లు, పెళ్ళాం పొమ్మంటే మసీదు వసారాలో చాప. అదీ మా ఊరి మగవాళ్ళ ఆస్తి.

నేను ఉప్పు కొనడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. పిల్లకి పదేళ్ళుంటాయి. చంకలో గుడ్డ సంచి. పేరు లస్త్రి అంది.

"ఏ వంశం పిల్లా నువ్వు?" అన్నాడు కొట్టువాడు.

"చనియాగో."

"అది మీ నాన్నది. నీది చెప్పు."

"నాన్నదే కదా నాది?"

మళ్ళీ నవ్వారు. తల్లి వంశమే పిల్లది, ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు ఆ మాట. దాని తల్లి జావా మనిషి. వాళ్ళకి వంశాల పేర్లే ఉండవు. అంటే పిల్లకి మా ఊళ్ళో చెప్పుకోవడానికి ఏమీ లేదన్నమాట.

రుపియా విలువ పడిపోయి, జకార్తాలో ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డ ఏడాది అది. దాని నాన్న మస్రుల్ అక్కడ రోడ్డు పక్కన చొక్కాలు అమ్మేవాడు. అంతకుముందే పోయాడు. తల్లి ఆ వానాకాలం జ్వరంతో పోయింది. పక్క బండివాడు పిల్లని బస్సెక్కించి, "మీ నాన్న వాళ్ళు అక్కడున్నారు, పో" అన్నాడట. నాన్న వాళ్ళు కావాలి, అంతే. ఆ పిల్ల వెతుక్కుంటూ వచ్చింది అందుకే.

మస్రుల్ అక్క అస్నిమార్ చెడ్డది కాదు, నోరే పెద్దది. అప్పటికే ఆవిడ కూతుళ్ళు, పని పోయిన అల్లుళ్ళు, పిల్లలు అందరూ జకార్తా నుంచి వచ్చి ఇంట్లో పడ్డారు. ఇల్లు సంతలా ఉంది. అయినా పిల్లని లోపలికి రమ్మంది. గదులు కూతుళ్ళవి కాబట్టి వంటింట్లో పొయ్యి పక్కన చాప వేసింది.

ఇంటి మగవాళ్ళకి పుట్టిన పిల్లల్ని మేము అరటి పిలకలంటాం. ముద్దుగానే అంటాం. కానీ పిలకని తల్లి చెట్టు మొదట్లోనే ఉంచేస్తే అది ఎదగదు, తీసి వేరేచోట నాటాలి. ఆ సంగతి మాత్రం ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

అది అంట్లు తోమేది, నీళ్ళు మోసేది, పిల్లల్ని ఆడించేది. "నూనె అలా వంపుతావేమే, మీ తాత గానుగ పెట్టాడా?" అని అస్నిమార్ అరిచేది. అరిచాక అన్నం పెట్టేది. ఒకరోజు పిల్ల, "అత్తా, మా నాన్న గది ఏది?" అని అడిగిందట. "మగపిల్లాడికి గదేమిటే? మీసాలు రాకముందే వెళ్ళి మసీదు వసారాలో పడుకున్నాడు" అంది అస్నిమార్. పిల్ల ఆ వసారా కూడా చూసి వచ్చింది.

"ఏం కనిపించింది?" అన్నాను, దారిలో ఎదురైతే.

"గోడకి మేకులున్నాయి మామ్మా, సంచులు తగిలించుకునేవి. నాన్నది ఏ మేకో ఎవరికీ తెలీదట."

నా సంగతీ చెప్పాలి. మాది కోటో వంశం. అమ్మ కట్టించిన పెద్ద ఇల్లు, అన్నీ ఖాళీ గదులు. ఇద్దరు కొడుకులు, కూతురు లేదు. కూతురు లేని ఇంటిని ఇక్కడ చచ్చిన ఇల్లంటారు, నేను అందులో నిక్షేపంగా తిరుగుతుండగానే. ఆ ఏడాది నా తోటలో దాల్చినచెక్క డాలర్లలో అమ్ముడుపోయింది. దాంతో ఏటి అవతల ఉండే మా దూరపు చెల్లెళ్ళకి నా ఆరోగ్యం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వచ్చినప్పుడల్లా నా మొహం చూసి, తర్వాత నా చెట్లు చూసి వెళ్ళేవాళ్ళు. నేను పోతే ఆస్తి కొడుకులకి రాదు, వాళ్ళకే పోతుంది.

అందుకే ఆ పిల్ల కావాలనుకున్నాను. జాలితో అని చెప్పను. నాకు ఆడపిల్ల కావాలి, దానికి ఇల్లు కావాలి. ఇందులో సిగ్గుపడేది ఏముంది?

మా తమ్ముడు వంశానికి పెద్ద. వాడితో చెప్పాను.

"అడగాల్సింది ఆ పిల్ల అక్కా, నువ్వు కాదు. మనలోకి వచ్చేవాళ్ళు తమ నోటితో తామే అడగాలి. పైగా మేకని కోసి ఊరికి పెట్టాలి. ఈ ధరల్లో మేకా?"

"మేక సంగతి నాకొదిలెయ్."

దాల్చినచెక్క గీకే పనికి పిల్లని పిలిచాను. గీకుతూనే అడిగాను.

"నా దగ్గరికి వచ్చేస్తావా? మా వంశం పిల్లవి అవుతావు. గది ఇస్తాను."

గీకడం ఆపింది. "వద్దు మామ్మా. నేను నాన్న వాళ్ళ కోసం వచ్చాను. మీ పిల్లనైతే వాళ్ళకి నేను ఏమీ కాకుండా పోతాను."

నాకు ఒళ్ళు మండింది. గది ఇస్తానంటే పొయ్యి పక్క చాప కావాలంటుంది. "అయితే ఆ చాపే కొరుక్కుతిను" అని పంపించేశాను. కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఇంతలో అస్నిమార్ రెండో తమ్ముడికి పాప పుట్టింది. పాపకి తొలిస్నానం నాడు మేనత్త వెళ్ళి ఎత్తుకుని ఏటికి తీసుకెళ్ళాలి. ఇంట్లో నూనె లేకపోయినా అస్నిమార్ పెట్టెలో ఉన్న పట్టుబట్ట కట్టింది. కానుకల పళ్ళెం నెత్తిన పెట్టుకుని, కూతుళ్ళని వెంటేసుకుని, మా ఇంటి ముందునుంచే వెళ్ళింది. లస్త్రిని పొయ్యి చూసుకోమన్నారు.

పొయ్యి వదిలేసి నా దగ్గరికి వచ్చింది పిల్ల.

"ఆ పాపకి అవన్నీ ఎందుకు పట్టుకెళ్తున్నారు?"

"తమ్ముడి బిడ్డ కదా."

"నేనూ తమ్ముడి బిడ్డనే."

"నీకు గుమ్మం ఏదీ? వాళ్ళ వంటింట్లోనే పడుంటే పళ్ళెం ఎత్తుకుని ఎక్కడికి రావాలి, పొయ్యి దగ్గరికా? నీకంటూ ఒక ఇల్లుంటేనే వాళ్ళు నీకు చుట్టాలు. లేకపోతే తినే నోరువి."

కోపంలో అన్నాను గానీ, అన్నాకే నాకూ అర్థమైంది, ముందే ఈ మాట చెప్పాల్సిందని. పిల్ల మా గుమ్మం వైపు చూసింది.

"మీ ఇంటికైతే వస్తారా?"

"ఎందుకు రారు? మేనత్త ఎక్కడున్నా మేనత్తే."

తెల్లారాక తనే మా తమ్ముడి దగ్గరికి వెళ్ళి అడిగింది.

మేకని కోశాం. పెద్దలు వచ్చారు, నాలుగు మాటలు చెప్పారు, తిన్నారు. అస్నిమార్ రాలేదు. "ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది నేను, పేరు మాత్రం ఆవిడకా?" అందని ఎవరో మోసుకొచ్చారు. పిల్ల ఒక్క ముద్ద ముట్టలేదు. గుమ్మంలో నిలబడి దారి చూస్తోంది. రాకపోతే దానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. వస్తారని చెప్పింది నేనే.

గిన్నెలు కడిగే వేళకి వచ్చింది అస్నిమార్. అదే పట్టుబట్ట, నెత్తిన పళ్ళెం, వెనక కూతుళ్ళు. మెట్ల కిందే ఆగింది. ఇంటివాళ్ళు పిలవందే ఎక్కకూడదు.

పిల్ల నావైపు తిరిగింది. "అమ్మమ్మా, నేను రమ్మనొచ్చా?"

అప్పటిదాకా నన్ను మామ్మా అనేది.

"నీ ఇల్లే కదా. నువ్వే అనాలి" అన్నాను.

"అత్తా, పైకి రండి."

పళ్ళెంలో బియ్యం, కాళ్ళు కట్టిన కోడిపెట్ట, చంటిబిడ్డని ఎత్తుకునే పొడుగాటి గుడ్డ ఉన్నాయి. అస్నిమార్ ఆ గుడ్డ తీసి భుజానికి వేసుకుని ముడేసింది.

"ఇది నువ్వు పుట్టినప్పుడే తేవాల్సింది. జకార్తా దూరమని ఊరుకున్నా. రా."

"అత్తా, నేను పెద్దదాన్ని."

"నోర్మూసుకుని రావే."

ఎత్తుకుంది. గుడ్డలోంచి పిల్ల కాళ్ళు వేలాడి అస్నిమార్ మోకాళ్ళకి తగులుతున్నాయి. ఊరంతా నవ్వుతూ వెనకే నడిచింది. పిల్ల మేనత్త మెడలో మొహం దాచుకుంది. అస్నిమార్ రొప్పుతూ, దారి బాగోలేదని తిడుతూ నడిచింది. దించమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఏటిదాకా దించలేదు.