గట్లు లేని ముప్పై ఆరు ఎకరాలు

నందవరం దగ్గర ముప్పై ఆరు ఎకరాల చేను. అందులో ఒక్క గట్టు కూడా లేదు. పదకొండు కూలి కుటుంబాలు కలిసి దున్నేవి, కలిసి కోసేవి, ఒకే పొయ్యి మీద వండుకునేవి. భూమి సేద్యం చేసినవారందరిదీ అని ఊరూరా తిరిగి చెప్పిన మా చిన్న సంఘానికి దక్కిన మొదటి పల్లె అది. నేను ఎమ్మిగనూరులో బడిపంతులుని. సంఘం ఉత్తరాలు రాసేవాణ్ణి. అలాంటి పల్లెలు నూరు లేస్తాయని నమ్మినవాణ్ణి.

చేను దానమిచ్చిన పెద్దరైతు 1977లో పోయాడు. నోటిమాటగా ఇచ్చాడు, కాగితం లేదు. ఏడాది తిరగకముందే కొడుకులు చేను మాదన్నారు. ఆదోని రెవెన్యూ అధికారి మంచివాడే. "దానం జరిగినప్పుడు ఉన్న పెద్దమనిషి ఎవరైనా రాసి సంతకం పెడితే, సోమవారం ఈ కుటుంబాల పేర ఎక్కిస్తాను. లేకుంటే నా చేతిలో లేదు" అన్నాడు.

దానమిచ్చిన రోజు చేలో నిలబడి, చప్పట్లు కొట్టి మెచ్చుకున్న పెద్దమనిషి ఒక్కరే. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు యజమాని సిద్దప్ప.

గురువారం పొద్దున మాదన్నతో బయలుదేరాను. ఆ పదకొండు కుటుంబాలకూ అతనే పెద్ద. మా ఇళ్లలో మంచిపనికి కాగితం వట్టిగా పంపరు. సిద్దప్ప సంతకం కోసం నేను రాసిన అర్జీని నా భార్య రమాబాయి మడిచి, లోపల మంత్రాలయం స్వామి రాయర మంత్రాక్షతలు వేసి, పసుపు దారం కట్టి ఇచ్చింది. నేనూ కళ్లకద్దుకునే తీసుకున్నాను.

ఆదోనిలో ఇంటి దగ్గరే ఉన్న సిద్దప్ప మమ్మల్ని చూసి లేచాడు. "రాండి సామీ, రాండి. గురువారం పూట రాయరే పంపినట్టుంది."

అర్జీ అందించాను. మడతలోంచి రెండు అక్షతలు రాలాయి. ఆయన గబుక్కున చెప్పులు విడిచి, కండువా చాచి అందుకున్నాడు. నేరుగా దేవుని గదిలోకి పోయి, పటం ముందర పెట్టి దండం పెట్టుకుని వచ్చాడు.

"అందులో అర్జీ ఉంది. మీరు చదివి సంతకం..."

"రాయర పాదాల కాడ పెట్టినాక నేనెవర్ని సామీ చదివేకి? ఆయన్నే చూసుకోనీ."

"సోమవారమే గడువు."

"మీరే ఇట్ల అనుమానపడితే మా బోటోళ్ల గతేమి?" అని నవ్వి, నాకు కాఫీ తెప్పించాడు.

అది భక్తో, తప్పుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు. దేవుని ముందర పెట్టినదాన్ని తీయమనడానికి మాత్రం నోరు రాలేదు. నిజంగా భక్తే అడ్డం వచ్చిందా, లేక నా పిరికితనానికి భక్తి అని పేరు పెట్టుకున్నానా?

మాదన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. "సంతకం పెట్టినాడా సామీ?"

"కాగితం దేవుని ముందర పెట్టినాడు."

"సోమారం ఆపీసుకు దేవుడొస్తాడా?"

నేను చెప్పులు వేసుకున్నాను.

"కోపం సేసుకోకు సామీ. ఊరికే అడిగినా. ఇంగోటి రాయి."

హోటలు బల్ల మీద ఇంకో అర్జీ రాశాను. మిల్లు గేటు దగ్గర గుమాస్తా దాన్ని ముట్టుకోలేదు. "అయ్య బళ్లారికి పోయినారు. మంగళారం వస్తారు."

"ఇప్పుడే కదప్పా ఇంట్లో ఉన్నారు?"

"ఇప్పుడే పోయినారు."

శనివారం మళ్లీ పోయాను. అదే మాట.

సోమవారం అధికారి మా కోసం పన్నెండు దాకా ఆగాడు. నేనే ముందుకు వెళ్లి, "ఆ రోజు నేనూ చేలో ఉన్నాను. నా సంతకం తీసుకోండి" అన్నాను.

"అర్జీ రాసినవారే సాక్షి అయితే ఎట్లా అయ్యవారూ?" అన్నాడు, మెల్లగానే. పంట కోసుకుని చేను ఖాళీ చేయాలని రాసి, ముద్ర వేయించాడు.

తిరుగు బస్సులో, మాతో ఆఫీసుకు వచ్చిన మాదన్న భార్య ఉరుకుందమ్మ అడిగింది. "ఆడ ముసలోళ్లు కాసుకోని ఉంటారు. పోయి ఏం సెప్పల్ల?"

"సామిని సెప్పమను. సేను మనకొచ్చిందని సెప్పింది ఆయన్నే కదా" అన్నాడు మాదన్న, కిటికీలోంచి బయటకు చూస్తూ.

ఎమ్మిగనూరు వచ్చింది. కండక్టరు నన్నెరిగినవాడే. "దిగండి సామీ" అన్నాడు. నందవరానికి ఒక టికెట్టు ఇమ్మన్నాను.