అద్దం మీద రెండో శనివారం

ఆ జాజ్ క్లబ్బులో ఎవరికీ ఏదీ నోటితో చెప్పరు. అదొక జబ్బు వాళ్లకి. వచ్చే నెల ఎవరు వాయిస్తున్నారో, ఎవరికి ఉద్వాసన పలికారో వీధి వైపున్న పెద్ద కిటికీ అద్దమే చెప్పాలి. అద్దం మీద పేరుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇరవయ్యేళ్లు మనిషెత్తు డబుల్ బాస్ వాద్యం వాయించిన పెద్దమనిషి ఒకాయన, ఒక సోమవారం పొద్దున వీధిలో నిలబడి నాలుగు శనివారాలూ పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదువుకుని, గుమ్మమైనా ఎక్కకుండా వెళ్లిపోయాడు. ఆయన ఎత్తు స్టూలు ఇప్పటికీ మెట్ల కింద పడి ఉంది. పిలిచి ఒక్క మాట చెబితే ఎవరి సొమ్మేం పోయేది? అబ్బే, చెప్పరు! యజమానురాలికి మొహమాటమని కొందరంటారు, వాయించేవాళ్లకి మాటలంటే పడవని ఇంకొందరంటారు. ఏదైతేనేం, ఆ పాడు పని ముప్పై ఏళ్లుగా పెయింటరు నెత్తిన పడింది.

పెయింటరు దుకాణాల బోర్డులు రాసుకుని బతికే మనిషి. నెలాఖరు ఆదివారం, క్లబ్బుకు సెలవైన మధ్యాహ్నం, తాళంచెవి తీసుకుని వచ్చి అద్దం రాసిపోతాడు. బయటివైపు రాస్తే వాన కడిగేస్తుంది, వచ్చేపోయేవాళ్ల భుజాలు చెరిపేస్తాయి. అందుకని లోపలివైపే రాయాలి. వీధిలో వాళ్లకు తిన్నగా కనబడాలి కాబట్టి ప్రతి అక్షరాన్నీ తిరగేసి, కుడినుంచి ఎడమకు రాసుకుపోవాలి. కొమ్ములూ దీర్ఘాలూ అన్నీ అటుదిటు అవుతాయి. కొత్తవాడైతే రెండక్షరాలకే బుర్ర తిరిగి కుంచె కింద పెట్టేస్తాడు. పెయింటరుకు అదెంత అలవాటైపోయిందంటే, ఒకసారి ఇంట్లో సరుకుల చీటీ కూడా తిరగేసి రాసిచ్చి పెళ్లాం చేత చీవాట్లు తిన్నాడు.

ఆ తిరగబడ్డ రాతను లోపలినుంచే గడగడా చదవగలిగేవాడు ఇంకొక్కడున్నాడు. అతను పెయింటరు బావ. క్లబ్బులో వేదిక కిటికీకి ఎదురుగా ఉంటుంది. బావ ముప్పై ఏళ్లుగా ఆ వేదిక మీద ట్రంపెట్ వాయిస్తూ, ఎదురుగా అద్దం మీద తిరగేసి ఉన్న తన పేరునే చూస్తూ వచ్చాడు. పేరంటే అసలు పేరు కాదు. గాలి పట్టినప్పుడు రెండు బుగ్గలూ పొంగిపోతాయని ఎవరో సరదాకి 'బుగ్గలరాజు' అన్నారు, అదే స్థిరపడింది. రెండో శనివారం బుగ్గలరాజుది. ఊరంతా ఎరిగిన సంగతి.

పెయింటరు అక్కనే ఆయన పెళ్లి చేసుకున్నాడు. అక్క పోయి ఆరేళ్లయింది, పిల్లల్లేరు. "నాకు మిగిలినవి మూడేరా. ట్రంపెట్టు, రెండో శనివారం, నువ్వు. నువ్వు మూడోవాడివి, మొదటివాడివనుకునేవు సుమా!" అని బావ వేళాకోళమాడేవాడు. పెయింటరు నవ్వేసేవాడు. నిజానికి అది వేళాకోళం కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం పెయింటరు వచ్చేసరికి కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి. పాత సిగరెట్ల వాసన, తడిగుడ్డ వాసన. యజమానురాలు ఎప్పటిలాగే బారు బల్ల మీద బూడిదపళ్లెం కింద చీటీ పెట్టి వెళ్లింది. మొదటి శనివారం పొట్టి గాయని. మూడో శనివారం కాలేజీ కుర్రాళ్ల శాక్సోఫోన్లు. నాలుగో శనివారం అక్కచెల్లెళ్ల పియానో. రెండో శనివారం అని రాసి, పక్కన ఒక గీత గీసి వదిలేసింది. అంతే!

పెయింటరు చీటీ తిరగేసి చూశాడు. వెనక ఏముంటుంది, తెల్ల కాగితం.

ఎందుకో అతనికి తెలియకపోలేదు. నాలుగు నెలలుగా బావకు పైవరస ముందు పళ్లు కదులుతున్నాయి. ట్రంపెట్ మూతి పెదాలకు అదిమి పట్టాలి, ఆ పెదాల వెనక పళ్లు గట్టిగా ఉండాలి. అవే ఊగిసలాడుతుంటే స్వరం ఎలా నిలుస్తుంది? పోయిన నెల మూడో పాటలో పైస్వరం ఎక్కుతూ ఎక్కుతూ పుటుక్కున చీలిపోయింది. ముందు బల్ల దగ్గరావిడ గ్లాసులోకి చూసుకుంది. చప్పట్లు కొట్టారు, కొట్టకేం. జాలిపడి కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో ఆ రోజు పెయింటరు విన్నాడు.

సరే, పని పని కదా. స్కేలు పెట్టి నాలుగు గీతలు గీసి, తేదీలు నాలుగూ రాసి, మొదటి శనివారం గాయని పేరు పూర్తిచేశాడో లేదో, తలుపు చప్పుడైంది. చూస్తే బావ. చేతిలో టీ ఫ్లాస్కు, మెడ చుట్టూ అక్క అల్లిన బూడిదరంగు మఫ్లరు.

"ఏంటి బావా, ఈ టైంలో వచ్చావు? ఆదివారాలు ఎప్పుడూ రావుగా!"

"ఇంట్లో తోచట్లేదురా. నీ పాటికి నువ్వు రాసుకో, నేను చూస్తూ కూర్చుంటా."

బావ ఒక కుర్చీ దించుకుని సరిగ్గా అద్దానికి ఎదురుగా వేసుకున్నాడు. మఫ్లరు ఒకవైపు బుగ్గ మీదికి లాక్కున్నాడు. పెయింటరు చటుక్కున చీటీని జేబులో కుక్కుకున్నాడు. ఇంక చేతులు ఆడితే ఒట్టు. రెండోది వదిలి మూడోదానికి దిగాడు. 'శాక్సోఫోన్' అన్న మాట తిరగేసి రాయడానికి మామూలుగా పది నిమిషాలు పడుతుంది, ఆవేళ అరగంట తీశాడు. ఆపైన నాలుగోది. అక్కచెల్లెళ్ల పేర్ల కింద అక్కర్లేని పువ్వు కూడా ఒకటి వేశాడు. బావ వెనక కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ చూపు వీపుకు తగులుతూనే ఉంది.

మిగిలింది రెండో గీత. తేదీ ఉంది, పక్కన ఖాళీ.

ఇప్పుడు కుంచె కడిగేసి, "అయిపోయింది బావా" అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి నోరు రాలేదు. ముప్పై ఏళ్లు ఊరివాళ్ల ముఖాన రాసిన పిరికిపంద రాతలన్నీ ఒక ఎత్తు, వెనక కూర్చున్న బావ ముఖాన ఇది ఒక ఎత్తు. రేపు పొద్దున్నే యజమానురాలు రాకముందు వచ్చి బ్లేడుతో గీకేస్తే పోలా అనుకున్నాడు. ఆవిడ కాళ్లావేళ్లా పడి ఒప్పించొచ్చు అని కూడా అనుకున్నాడు. అనుకుంటూనే కుంచె ముంచి, కుడిచివరినుంచి మొదలుపెట్టాడు. బు. గ్గ. ల. రా. జు.

వెనక కుర్చీ కిర్రుమంది.

"ఒరేయ్, అదేంటి? నా పేరు రాస్తున్నావేంటి?"

"మరెవరి పేరు రాయాలి? రెండో శనివారం నీదేగా."

"ఆవిడ రాయమందా?"

"చీటీలో ఉంది బావా."

"ఏదీ, చూపించు."

"రంగొలికింది, ముద్దయిపోయింది. పారేశా." జేబులో చీటీ గరగరమంది.

బావ లేచి అద్దం దగ్గరికొచ్చాడు. తడి అక్షరాలకు బెత్తెడు దూరంలో ముఖం పెట్టి చదువుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "వేయించిందే!" అన్నాడు. "అయినా వేయించిందే, మహాతల్లి!" పెయింటరు భుజం మీద చెయ్యి వేసి ఊపేశాడు. "అయితే రేపు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లన్రా. ముందు పళ్లు మొత్తం తీసేస్తానన్నాడు. పది గంటలకి రమ్మన్నాడు. ఇప్పుడెలా కుదురుతుంది? రెండో శనివారం అయ్యాక చూసుకుందాం."

ఆ మాట దగ్గరైనా ఆగి ఆలోచించాల్సింది. వాయిద్దామనుకుంటున్నవాడు ముందు పళ్లు పీకించుకోవడానికి టైము తీసుకుంటాడా? చిన్నపిల్లలకైనా తట్టే సంగతి. పెయింటరుకు తట్టలేదు. బావ ముఖం వెలిగిపోవడం ఒక్కటే చూశాడు. రెండు వారాలు ఆలస్యమైతే పంటినొప్పి ప్రాణం తీస్తుందా ఏమిటి అనుకున్నాడు.

సోమవారం పొద్దున బ్లేడు జేబులో వేసుకుని వెళ్లాడు. అప్పటికే యజమానురాలు వీధిలో నిలబడి అద్దం చూస్తోంది. పెయింటరు బ్లేడున్న జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మీ బావ చూశారా దీన్ని?" అందావిడ.

"చూశాడండీ."

"ఏమన్నారు?"

"చాలా సంతోషించాడు మేడమ్."

ఆవిడ అద్దం వైపే ఇంకాసేపు చూసి, "అయితే మంచిదే" అని లోపలికి వెళ్లిపోయింది. తిట్టలేదు, చీటీ సంగతి ఎత్తలేదు. దయగల తల్లి, చూసీచూడనట్టు పోయింది అనుకున్నాడు పెయింటరు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ అతనికి సిగ్గుగా ఉంటుంది.

బావ రోజూ సాధన చేశాడు. లవంగాలు నమిలేవాడు, మాత్రలు మింగేవాడు, మళ్లీ ట్రంపెట్ అందుకునేవాడు. వారానికి కుడిబుగ్గ వాచింది. "ఇన్నాళ్లకి పేరు సార్థకమైందిరా" అని ఒంటిబుగ్గతో నవ్వాడు. పెయింటరు రెండుసార్లు డాక్టరు దగ్గరికి పద పదమని పోరాడు. "శనివారం దాటనీ. వద్దన్నా పిలిచినప్పుడు పరువు నిలబెట్టాలా వద్దా?" అన్నాడు బావ. ఎవరు వద్దన్నారో పెయింటరు అడగలేదు. అడగాల్సినవి ఆ ఇంట్లోనూ ఎవరూ అడగరు, ఏం చెప్పమంటారు!

బుధవారం జ్వరం వచ్చింది. గురువారానికి వాపు గొంతులోకి దిగి ఊపిరి అందలేదు. పక్కింటివాళ్లు ఆసుపత్రిలో పడేశారు. చీము దవడ ఎముకలోకి పాకిందని రాత్రికి రాత్రే కోసి, పళ్లతో పాటు ఎముక ముక్క కూడా తీసేశారు. "రెండు వారాల ముందు వచ్చుంటే పళ్లతో పోయేది కదండీ. ఇన్నాళ్లు దేనికోసం ఆగారు?" అన్నాడు డాక్టరు.

రెండో శనివారం వేదిక మీద ఎవరూ వాయించలేదు. అద్దం మీద పేరు మాత్రం అలాగే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం బావను చూడనిచ్చారు. ఆరు మంచాల గది, మూలమంచం. ముక్కు కిందినుంచి మెడదాకా తెల్లకట్టు. నెల్లాళ్లు మాట్లాడకూడదని నర్సు ఒక పలకా, బలపమూ ఇచ్చింది. బావమరిదిని చూడగానే బావ కళ్లతో నవ్వి, పలక అందుకుని రాశాడు.

"మేడమ్‌కి థాంక్స్ చెప్పు."

"దేనికి బావా?"

బావ తుడిచి, సన్నటి అక్షరాలతో నెమ్మదిగా నింపాడు. "ఇంక వాయించలేనని నేనే వెళ్లి చెప్పా. పేరు వెయ్యొద్దన్నా. నీకు చెప్పొద్దన్నా, ఏడుస్తావని. అయినా వేయించింది."

పెయింటరుకు యజమానురాలు సోమవారం అడిగిన ప్రశ్న ఇప్పుడు అర్థమైంది. బావే మనసు మార్చుకుని రాయించుకున్నాడనుకుంది ఆవిడ. ఆవిడే పట్టుబట్టి వేయించిందనుకున్నాడు బావ. మధ్యలో కుంచె పట్టుకున్న వెధవ ఒక్కడే.

బావ మళ్లీ తుడిచి రాస్తున్నాడు. "ముప్పై ఏళ్లలో నువ్వు కావాలి అని ఎవరూ అనలేదు. ఈసారి అంది. ఈ కోతకి అది చాలు."

"చెప్తాను బావా" అనేసి లేచి పోతే గొడవ లేదు. అందరూ అలాగే బతుకుతున్నారు కదా! గుమ్మందాకా వెళ్లాడు కూడా. ఇంకా ఒక్క అబద్ధాన్ని మోసే ఓపిక లేక వెనక్కొచ్చి, పారేయలేక ఇన్నాళ్లూ జేబులో పెట్టుకు తిరిగిన ఆ నలిగిన చీటీ తీసి దుప్పటి మీద పెట్టాడు.

"ఆవిడ కాదు బావా. నేనే రాశా. చీటీలో నీ పేరు లేదు."

బావ చీటీ విప్పి చదివాడు. తర్వాత పలక మీదున్న మాటల్ని అరచేత్తో చెరిపేశాడు. మళ్లీ బలపం పట్టి రాశాడు.

"ఎందుకురా?"

పెయింటరు ఏడుపు ఆపుకోలేదు. "నువ్వు వెనకే కూర్చున్నావు బావా. ఎప్పుడూ రానివాడివి, పేరు చూసుకుందామని ఆశపడి వచ్చావనుకున్నా. నీ కళ్లముందు ఆ గీత ఖాళీగా వదల్లేకపోయా."

బావ పలకను మోకాలి మీద ఆనించుకుని, ఒక్కొక్క అక్షరమే రాసి పెయింటరు వైపు తిప్పాడు.

"ఖాళీగా చూసుకుని పోదామనే వచ్చాను."

పెయింటరు దాన్ని రెండుసార్లు చదివాడు. బావ పలకను దుప్పటి మీద పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.