రెండున్నర అంగుళాలు

ఎస్పన్యోలా లోయలో బండిని నేలకు ఎంత దగ్గరగా దించాలన్నది చిన్న విషయం కాదు. ఆ ఒక్క మాట మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లున్నాయి. అక్కడ దూసుకుపోయేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. నేలను రాసుకుంటూ, ఊరంతా చూసేలా మెల్లగా పోయేవాడిదే గొప్ప. అలాంటి చోట నలభై ఏళ్లుగా బండ్లు దించుతున్న ఎలిసేయో త్రుహీయో మాటకు తిరుగు లేదు. పైగా ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

ఈసారి దించాల్సింది కూతురు బెలెన్ పికప్‌ని. అరవై తొమ్మిదో సంవత్సరపు షెవర్లే. ఒక ఆపిల్ తోటలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఆ డొక్కు బండిని ఆమె లాక్కొచ్చి, స్కూలు బస్సు నడుపుతూనే ఆరేళ్ల సెలవులన్నీ దానికి ధారపోసింది. తుప్పు కోసింది, రేకు అతికించింది, మాగిన చెర్రీ రంగు పూసింది. వెనక భాగం కిందటేడే దించారు. ముందు భాగం మాత్రం మొగుడి మీద అలిగిన ఇల్లాలిలా ముక్కు ఎగరేసుకుని ఉండిపోయింది.

ఉండిపోవడానికి కారణం బెలెన్ కడుపులో గడ్డ. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. శాంటా ఫేలో డాక్టర్లు రెండుసార్లు కోశారు. మూడోసారి కోసి లాభం లేదన్నారు. ఎలిసేయో ఆ మాట చెవిన పెట్టలేదు. డాక్టర్లూ మనుషులే కదా, పొరపడరా అన్నాడు. భార్య పోయి పదకొండేళ్లయింది. ఉన్న ఒక్క కూతురి విషయంలో దేవుడు అంత దుర్మార్గం చేయడని ఆయన తీర్మానించుకున్నాడు.

పికప్ ముందు భాగం దించడానికి రెండు దారులున్నాయి. స్ప్రింగులు కోసిపారేయడం మూడోది గానీ, అది వెన్నెముక మీద ప్రేమ లేనివాళ్లకు. మొదటి దారి స్పిండిళ్లు మార్చడం. చక్రం తిరిగే ఇనప ముక్కే స్పిండిల్. చక్రం కూర్చునే చోటును పైకి జరిపి పోసిన కొత్త ముక్కలు వేస్తే బండి రెండున్నర అంగుళాలు దిగి, జీవితాంతం అక్కడే ఉంటుంది. స్ప్రింగులు పాతవే కాబట్టి నడక మెత్తగా ఉంటుంది. రెండో దారి స్ప్రింగులు తీసేసి గాలి తిత్తులు పెట్టడం. మీట నొక్కితే గాలి పోయి బండి ముక్కు నేలకు వంగుతుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది.

బెలెన్ తిత్తులే అడిగింది. ఎందుకు అడిగిందో ఎలిసేయోకి తెలుసు. వాళ్ల బండ్ల సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. సంఘంలో ఎవరైనా పోతే పేటికను వాళ్ల బండిలోనే శ్మశానానికి తెస్తారు. గుంతలోకి దించే ముందు ఆ బండి తన ముక్కు నేలకు వంచుతుంది. అది వంగాకే వరసలో ఉన్న బండ్లన్నీ వంగుతాయి.

మార్చి నెలలో ఒక ఆదివారం ఇద్దరూ షెడ్డులో కూర్చున్నారు. బెలెన్ తలకు రుమాలు, ఒళ్లో దుప్పటి. ఎలిసేయో విడిభాగాల జాబితా ముందేసుకుని తిత్తుల మీద తనకున్న కోపమంతా వెళ్లగక్కాడు. కారుతాయన్నాడు, లోయ చలికి పగులుతాయన్నాడు, ఏ సంతలోనో నడిరోడ్డు మీద కూలబడి పరువు తీస్తాయన్నాడు.

"నాన్నా, బండికి సామాను చూస్తున్నావా, నాకు సంబంధం చూస్తున్నావా?" అని బెలెన్ నవ్వింది. "ఇన్ని వంకలు నా మొగుడికి కూడా పెట్టలేదు నువ్వు."

"పెట్టుంటే బాగుండేది. వాడూ రెండేళ్లకే కారి, ఇల్లొదిలి పోయాడుగా."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎలిసేయో స్పిండిళ్ల బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఇవి వేయించుకో తల్లీ. ఒకసారి బిగిస్తే ఇరవై ఏళ్లు తిరిగి చూడక్కర్లేదు."

"నాకు ఇరవై ఏళ్లవి ఎందుకు నాన్నా?"

ఆయన జాబితాలో పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. తిత్తులు బిగించడమంటే తన చేత్తో తన కూతురి చావుకు ఏర్పాట్లు చేయడమే అనిపించింది. ఆ పని తన వల్ల కాదు. బెలెన్ తండ్రి ముఖం చూసి, ఆ వేలి పక్కనే తన వేలు పెట్టింది.

"సరే, ఇవే వేద్దాం," అంది.

తాను గెలిచాననుకున్నాడు పిచ్చి తండ్రి. నాలుగు రోజుల్లో పని ముగించాడు. బెలెన్ దీపం పట్టుకుంది, నట్లు అందించింది, అలసిపోయినప్పుడు గోనెసంచి మీద పడుకుని సలహాలిచ్చింది. మరుసటి ఆదివారం రివర్‌సైడ్ రోడ్డు మీద బండి పరుపు మీద జారినట్టు పోయింది. బెలెన్ కిటికీలోంచి చేయి బయట పెట్టి, ఎదురైన ప్రతివాడికీ ఊపింది. ఆ వేసవిలో ఆమెకు ఆకలి కూడా పెరిగింది. ఎర్ర మిరపకాయల కూర రెండోసారి వడ్డించుకున్న రోజున ఎలిసేయో ఊళ్లో పదిమందికి ఆ సంగతి చెప్పుకున్నాడు.

అక్టోబరులో, మిరపకాయలు తోరణాలు కట్టే రోజుల్లో, బెలెన్ పోయింది.

పేటికను ఆమె పికప్‌లోనే తెచ్చారు. ఎలిసేయో తానే నడుపుతానని పట్టుబట్టాడు. కొండవాలు శ్మశానం పక్కన ఇరవై రెండు బండ్లు వరసగా ఆగాయి. పేటికను దించుకుని గుంత పక్కన పెట్టారు. పాదిరి ప్రార్థన ముగించి పుస్తకం మూశాడు. అప్పుడు ఎవరూ కదల్లేదు.

సంఘం పెద్ద ఫకుందో తన బండిలో మీట మీద చేయి వేసి కూర్చున్నాడు. అందరూ అలాగే కూర్చున్నారు. చెర్రీ రంగు పికప్ ముందు వంగాలి. అది వంగదని బిగించినవాడికి తెలుసు. ఎలిసేయో స్టీరింగ్ పట్టుకుని, నొక్కడానికి ఏమీ లేని చోట చూస్తూ ఉండిపోయాడు.  తన బిడ్డ కోరిన ఆఖరి కోరిక ఇది. ఆమె చస్తుందని ఒప్పుకోలేక తాను కాదన్నాడు. తండ్రిని బాధపెట్టలేక ఆమె సరేనంది. ఏడు నెలలపాటు ఆమె చావును ఆమె ఒక్కతే మోసింది, పక్కనే కూర్చుని తాను ఇరవై ఏళ్ల కబుర్లు చెప్పాడు.

తలుపు తీసుకుని దిగాడు. ముందుకొచ్చి, బండి ముక్కు మీద రెండు చేతులూ పెట్టి బలమంతా ఉపయోగించి నొక్కాడు. అరవై ఏడేళ్ల ఒళ్లు. బండి ఒక వేలు మందం దిగి, మళ్లీ పైకి తోసేసింది. ఆయన మళ్లీ నొక్కాడు.

ఆ లోయలో ఇంకొకరి బండి రంగు మీద చేయి వేయడమంత తప్పు లేదు. చూసేవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని చూస్తారు. ఫకుందో తన మీట పక్కనున్నవాడికి అప్పగించి, బండి దిగి వచ్చి, టోపీ తీసి నేలమీద పెట్టి, ఎలిసేయో పక్కన రెండు అరచేతులూ ఆనించాడు. తర్వాత ఇంకొకడు వచ్చాడు. బస్సు డిపోలో బెలెన్‌తో పనిచేసిన ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక మరో ముగ్గురు. నల్లకోట్లు, మంచి బట్టలు, ఎనిమిది మంది చేతులు. చెర్రీ రంగు మీద అంతా వేలిముద్రలు పడ్డాయి. పికప్ ముక్కు మెల్లగా కిందికి వంగింది.

వెనక వరసలో ఒక్కొక్క బండీ గాలి వదులుతూ వంగడం వినబడింది. ఆఖరి బండి కూడా వంగి చప్పుడు ఆగిపోయింది. ఇక చాలన్నట్టు ఫకుందో చేతులు సడలించబోయాడు.

"వదలొద్దురా," అన్నాడు ఎలిసేయో తల ఎత్తకుండా. "నా బిడ్డని లోపలికి దించేదాకా పట్టుకోండి."

ఎవరూ వదల్లేదు. గుంత దగ్గర తాళ్లు కదిలాయి. ఎనిమిది మందీ బండిని అలాగే నొక్కి పట్టుకుని నిలబడ్డారు.